ఏడు గొట్టాల తుపాకీ

ప్రశ్న: ఏడు గొట్టాలు కట్టగా ఉన్న పాత ఇంగ్లిషు తుపాకీ ఫోటో చూశాను. ఒకే ట్రిగ్గర్‌తో అవన్నీ ఎలా పేలేవి? అలాంటిది ఇంట్లో ఉంచుకోవచ్చా?

జవాబు: మీరు చూసినది నాక్ తుపాకీ కావచ్చు. 1779లో జేమ్స్ విల్సన్ రూపొందించిన ఈ ఆయుధాన్ని లండన్‌లో హెన్రీ నాక్ బ్రిటిష్ నౌకాదళం కోసం తయారుచేశారు. నడుమ ఒక గొట్టం, దాని చుట్టూ ఆరు ఉంటాయి. చెకుముకి రాయి నుంచి రాలిన నిప్పురవ్వ నడిమి గొట్టంలోని మందును అంటించగానే, అడుగున ఉన్న సన్నని రంధ్రాల గుండా మంట మిగిలిన ఆరింటికీ పాకి, ఏడు గుండ్లూ దాదాపు ఒకేసారి వెలువడేవి. ఆ తాకిడికి కాల్చినవాడి భుజం ఎముక విరిగే ప్రమాదం ఉండేది. ఓడకొయ్యల మీద నుంచి కాలిస్తే తెరచాపలు అంటుకుంటాయన్న భయం వేరు. అయితే, ఏడు గొట్టాలలోనూ ఒక్కొక్కదానిలో మందు, గుండు కూరవలసి రావడమే దీని పెద్ద లోపమని నా అభిప్రాయం.

బ్రిటన్‌లో ఇలాంటి పురాతన తుపాకీని అలంకరణగా ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, కాల్చదలిస్తే మాత్రం కావాలి. మన ఆయుధాల చట్టం, 1959 ఇంకా కఠినం: 45వ సెక్షన్ ప్రకారం, మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధానికే మినహాయింపు వర్తిస్తుంది.