ఓనరు "తెలుగువాళ్లకే ఇవ్వు" అంటే ఏజెంటు ఏం చేయాలి?

టెక్సస్‌లో ఏజెంటుగా ఉన్న మీతో ఓనరు తన ఇల్లు తెలుగువాళ్లకే, అదీ చిన్నపిల్లలు లేనివాళ్లకే అద్దెకివ్వమంటున్నారు. ఓనరుకు ఉన్నది ఒక్క ఇల్లే కాబట్టి వివక్ష చట్టం నుంచి మినహాయింపు వర్తిస్తుందా అని కదా మీ ప్రశ్న. వర్తించదండీ.

ఇళ్ల అద్దె, అమ్మకాల్లో వివక్షను నిషేధించే 1968 నాటి అమెరికా ఫెయిర్ హౌసింగ్ చట్టంలో, మూడుకు మించి ఇళ్లు లేని ఓనరుకు మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ ఏజెంటును పెట్టుకోగానే అది పోతుంది. అంటే ఇల్లు అద్దెకిప్పించే పని మీకు అప్పగించిన లిస్టింగ్ ఒప్పందంతోనే పోయింది! ఏజెంటు లేకపోయినా ప్రకటనలో అలా రాయకూడదు; వాట్సాప్ గ్రూపులో పెట్టినా ప్రకటనే. చట్టం నిషేధించిన వివక్షల జాబితాలో "తెలుగువాళ్లకే" అన్నది జాతీయ మూలం కిందికి వస్తుంది. "పిల్లలు వద్దు" అన్నది కుటుంబ స్థితి కిందికి, అది 1988లో చేర్చినది. "శాకాహారులకే" అన్నది నేరుగా జాబితాలో లేదు గానీ, మతాన్ని వడపోయడానికి వాడారని తేలితే అదే సాక్ష్యమవుతుంది.

ఓనరు మాట వినాల్సిందే, చట్టానికి లోబడినంతవరకే. "ఓనరు చెప్పారు" అంటే కేసులో మీకు రక్షణ ఉండదు. మీరు ఎవరి కింద పనిచేస్తున్నారో ఆ బ్రోకరూ ఇరుక్కుంటారు.

ముందు బ్రోకరుకు చెప్పండి. తర్వాత ఓనరుకు ఈమెయిల్ రాయండి, ఫోన్లో చెప్పి వదిలేయొద్దు: "ఈ షరతులు అమలు చేయలేను. ఆదాయం, క్రెడిట్, పాత అద్దె చరిత్ర అందరికీ ఒకే కొలతతో చూస్తాను." ఆ ప్రమాణాలను దరఖాస్తుతోపాటే రాతపూర్వకంగా ఇవ్వడం టెక్సస్‌లో తప్పనిసరి. ఇవ్వకుండా తిరస్కరిస్తే దరఖాస్తు ఫీజు వెనక్కివ్వాల్సి రావచ్చు. ఓనరు మొండికేస్తే లిస్టింగ్ వదులుకోండి. కాగితాలు మాత్రం పారేయకండి: హడ్‌కు (అమెరికా ప్రభుత్వ గృహ, పట్టణాభివృద్ధి శాఖకు) ఫిర్యాదు చేయడానికి ఏడాది, కోర్టుకెక్కడానికి రెండేళ్ల గడువుంటుంది.