మొబైల్ నెట్‌వర్క్ పనితీరు కొన్ని నెలల్లో మెరుగైందో, దిగజారిందో ఎలా కొలవాలి?

ఒక్క స్పీడ్ టెస్ట్‌తో ఏమీ తేలదు. టవర్ నుంచి ఒక ప్రాంతానికి సిగ్నల్ ఇచ్చే భాగాన్ని సెల్ అంటారు; దాని సామర్థ్యాన్ని ఆ క్షణంలో దాన్ని వాడుతున్న వాళ్లంతా పంచుకుంటారు. అందుకే అదే చోట తెల్లవారుజామున వచ్చిన వేగం రాత్రి తొమ్మిదింటికి సగం కూడా ఉండకపోవచ్చు. కాబట్టి అదే ఫోన్, అదే స్థలం, స్పీడ్ టెస్ట్‌లో అదే సర్వర్ పెట్టుకుని, వేర్వేరు వేళల్లో, వారాల తరబడి కొలవాలి. మధ్యలో ఫోన్ మారిస్తే పోలిక పోయినట్టే: కొత్త ఫోన్ ఎక్కువ బ్యాండ్లను (ఫ్రీక్వెన్సీ శ్రేణులను) కలిపి వాడుకోగలదు, కనిపించిన మెరుగుదల నెట్‌వర్క్‌ది కాకపోవచ్చు. జనం ఫోన్ల నుంచి పోగుచేసే గణాంకాల్లోనూ ఇదే పెద్ద చిక్కు.

డౌన్‌లోడ్‌తో పాటు అప్‌లోడ్, లేటెన్సీ (జవాబు రావడానికి పట్టే ఆలస్యం), ఫెయిలైన టెస్టులు కూడా రాసుకోండి. (ఫెయిలైనవి వదిలేస్తే నెట్‌వర్క్ ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది.) 4జీనా 5జీనా, సిగ్నల్ బలం ఎంత అన్నదీ ప్రతిసారీ నమోదు చేయాలి. సిగ్నల్ మైనస్ 85 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే యూనిట్) దగ్గర స్థిరంగా ఉండి వేగం మాత్రం నెలనెలా పడుతుంటే, రద్దీ పెరిగిందని అనుమానించొచ్చు. సిగ్నలే తగ్గితే టవర్ వైపో, మధ్యలో లేచిన కట్టడాల వైపో చూడాలి.

పోల్చేటప్పుడు సగటు కన్నా మధ్యగతం (ఫలితాలను వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) నయం. నేనైతే అట్టడుగు 10 శాతం ఫలితాలే ముందు చూస్తాను, వీడియో ఆగేది అక్కడే. డేటా కోటా అయ్యాక వేగం తగ్గించే ప్లాన్ అయితే ఆ తర్వాతి కొలతలు పక్కన పెట్టేయండి.