డాక్టర్ సలహా: ప్రామ్ చూసే ముందు బాబు గడ్డం చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబు పుట్టి 24 రోజులైంది. 36 వారాలకే ఆపరేషన్ చేసి తీశారు. పుట్టినప్పుడు 2.3 కిలోలు, ఇప్పుడు 2.7 ఉన్నాడు. నేను గుంటూరులో పుట్టింట్లో ఉన్నాను, మూడో నెలలో హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌కి వెళ్తాం. డాలస్‌లో ఉండే మా ఆడపడుచు తను వాడిన స్ట్రోలర్, దానికి తగిలించే కార్ సీటు పంపిస్తానంటోంది. మా ఆయనేమో ఇక్కడే గొడుగులా మడతపడే తేలికపాటిది కొందామంటారు. అసలు పసిగుడ్డుకి బండేమిటి, కుదుపులకి మెదడు కదిలిపోతుంది అని మా అమ్మ. ఏది తీసుకోవాలి? బాబు కళ్లు ఇంకా కొంచెం పచ్చగానే ఉన్నాయి, పొద్దున్నే ఎండలో తిప్పడానికైనా ప్రామ్ పనికొస్తుందని నా ఆలోచన.
- ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, ప్రామ్ సంగతికి వస్తాను గానీ, మీరు చివర్లో మాటవరసకి రాసిన ముక్క ముందు తేల్చుకుందాం. 24 రోజులైనా కళ్లు పచ్చగా ఉన్నాయంటే పొద్దుటి ఎండ దానికి మందు కాదు. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో రెండు వారాలు, మీ వాడిలా ముందే పుట్టిన వాళ్లలో మూడు వారాలు దాటాక కూడా పసరికలు, అంటే కామెర్లు, తగ్గలేదంటే రక్తపరీక్ష చేయించాల్సిందే. ఒంటికి ఈ పచ్చదనం తెచ్చే పదార్థం పేరు బిలిరుబిన్. అది మొత్తం ఎంత, అందులో డైరెక్ట్ (కాలేయం శుద్ధి చేసి పైత్యరసంలోకి పంపాల్సిన భాగం) ఎంత అని రెండూ విడివిడిగా రాయమని ల్యాబ్‌లో అడగండి. చాలామంది పిల్లల్లో ఇది తల్లిపాల వల్ల వచ్చేదే, పాలు ఆపక్కర్లేదు, దానంతట అదే పోతుంది. కానీ మలం సుద్దముక్కలా తెల్లగా పాలిపోయి ఉన్నా, మూత్రం గుడ్డకి పచ్చటి మరక అంటిస్తున్నా ఒక్కరోజు కూడా ఆగకండి. పైత్యరసం దిగే గొట్టాలు మూసుకుపోయే జబ్బు ఒకటుంది, దానికి ఆపరేషన్ రెండు నెలల్లోపు జరిగితే ఫలితం బాగుంటుంది. ఎండలో పెడితే పోతుందిలే అని చూస్తూ కూర్చుని ఆ రెండు నెలలూ పోగొట్టుకుని వచ్చినవాళ్లని నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. విటమిన్ డి కోసమైనా ఎండ అక్కర్లేదు, రోజూ 400 యూనిట్ల చుక్కల మందు ఇస్తే సరిపోతుంది. మీ డాక్టరు రాసే ఉంటారు, వేయడం మానకండి.

ఇక ప్రామ్.

షాపులో చక్రాలు, గొడుగు, కప్పు పెట్టుకునే చోటు, రంగు అన్నీ చూపిస్తారు. మీరు మాత్రం ఒక్కటే అడగండి: వీపు పలక పూర్తిగా, మంచంలా, బల్లపరుపుగా వాలుతుందా? వాలకపోతే మీ బాబుకి అది ఇప్పుడు పనికిరాదు, ధర నాలుగు వేలైనా నలభై వేలైనా. ఎందుకంటే పసిపిల్లల్లో ఒంటితో పోలిస్తే తల పెద్దది, వెనక భాగం ఉబ్బెత్తుగా ఉంటుంది, మెడ కండరాలకి ఇంకా బలం ఉండదు. సగం కూర్చున్నట్టు పెడితే తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది. లోపల శ్వాసనాళం సన్నగా, మెత్తగా ఉంటుంది కదా, ఆసుపత్రిలో సెలైన్ గొట్టం మడతపడితే చుక్క ఆగిపోవడం చూసే ఉంటారు, ఇక్కడా అదే జరుగుతుంది. ఇందులో భయపడాల్సింది ఏమిటంటే, అలా ఊపిరి ఆడని బిడ్డ ఏడవడు. కిక్కురుమనకుండా ఉంటాడు, మనం హాయిగా నిద్రపోతున్నాడనుకుంటాం. ముందే పుట్టిన పిల్లల్లో ఊపిరి మధ్యమధ్యలో ఆగే స్వభావం మామూలు పిల్లలకంటే ఎక్కువ, కాబట్టి మీ విషయంలో ఈ నియమానికి మినహాయింపు లేదు. అమెరికాలో నెలలు నిండని పిల్లల్ని ఇంటికి పంపే ముందు కార్ సీటులో కాసేపు కూర్చోబెట్టి ఆక్సిజన్, గుండె వేగం చూసి గానీ పంపొద్దని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం చెప్పడం కూడా ఇందుకే.

కంపెనీలు అట్టపెట్టె మీద 150 డిగ్రీలు, 170 డిగ్రీలు అని రకరకాలుగా రాస్తాయి. 180 అంటే పూర్తి పడక. అంకెలు చూసి నమ్మకండి, షాపులోనే వాల్చి చూపించమనండి, మీ అరచేయి వేసి నొక్కి చూడండి, మధ్యలో ఊయల గుడ్డలా కుంగిపోతే అది పడక కాదు. అన్నట్టు, ఇంట్లో చీర ఉయ్యాల కట్టి ఉంటే దానికీ ఇదే లెక్క. బారసాల నాడు ముచ్చటకి వేయండి, ఫొటోలు తీసుకోండి, రాత్రంతా అందులో పడుకోబెట్టడం మాత్రం వద్దు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా ప్రామ్‌లోకి రాకూడదు, మంచం మీద కూడా వద్దనే చెబుతాను. తల ఒకవైపు చదునవుతుందనే బెంగ ఉంటే మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్లముందే కాసేపు బోర్లా వేయండి, ఎత్తుకుని తిప్పండి, ఎప్పుడూ బండిలోనో మంచంలోనో వెల్లకిలా ఉంచేయకండి.

మీ ఆయన చెప్పిన గొడుగు మడత బండి గురించి. 1965లో ఓవెన్ మెక్లారెన్ అనే బ్రిటిష్ ఇంజనీరు దాన్ని తయారు చేశాడు, అంతకుముందు స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల చక్రాల అమరిక మీద పనిచేసినవాడు. తేలికగా ఉంటుంది, ఒంటిచేత్తో మడవచ్చు, ఆటోలో పడుతుంది. మంచి వస్తువే, కాకపోతే దానిది గుడ్డ సీటు, అందులో వీపు గుండ్రంగా వంగిపోతుంది. బాబు ఆసరా లేకుండా కూర్చోవడం వచ్చాక, అంటే ఆరేడు నెలలకి కొనుక్కోండి. మీ వాడు నెల ముందు పుట్టాడు కాబట్టి ఇంకో నెల ఆలస్యమైనా కంగారు పడొద్దు. కొన్నప్పుడు మడత దగ్గరున్న కీలు మీద కవరు ఉందో లేదో చూడండి. 2009లో అమెరికాలో ఒక కంపెనీ దాదాపు 10 లక్షల స్ట్రోలర్ల విషయంలో జనానికి హెచ్చరిక ఇచ్చి, కీళ్లకి తొడుగులు పంపాల్సి వచ్చింది. విప్పుతున్నప్పుడు పిల్లలు వేలు పెట్టడం, వేలి చివర తెగిపోవడం, ఇలాంటివి 12 జరిగాయి. బండి విప్పేటప్పుడూ మడిచేటప్పుడూ పిల్లాడు రెండడుగులు దూరంగా ఉండాలి, ఇంట్లో పెద్ద పిల్లలుంటే వాళ్లు కూడా.

మీ ఆడపడుచు పంపేది తీసుకోవచ్చా అంటే, స్ట్రోలర్ పూర్తిగా వాలేదైతే సంతోషంగా తీసుకోండి. వచ్చాక బ్రేకు వేసి తోసి చూడండి, మడత తాళం టక్కున పడుతోందో లేదో చూడండి, బెల్టు ఐదు చోట్ల పట్టేది కావాలి: రెండు భుజాలు, నడుముకి రెండు వైపులా, కాళ్ల మధ్య ఒకటి. కార్ సీటు మీద మాత్రం ఆవిణ్ణి మొహమాటం లేకుండా రెండు ప్రశ్నలు అడగండి. ఎప్పుడైనా యాక్సిడెంట్‌లో ఉందా? దాని మీద రాసిన గడువు తేదీ ఎంత? ప్రమాదంలో ఉన్న సీటు బయటికి బాగానే కనిపించినా వాడకూడదు. ఎన్ని కిలోల నుంచి పనికొస్తుందో కూడా దానిమీదే రాసి ఉంటుంది, కొన్ని 4 పౌండ్ల నుంచి, అంటే సుమారు 1.8 కిలోల నుంచి ఉంటాయి. అమెరికాలో కొన్నది మన కారు బెల్టుకి గట్టిగా బిగుస్తుందో లేదో ప్రయాణం రోజున కాదు, ముందే పెట్టి చూసుకోండి, పట్టి ఊపితే అంగుళానికి మించి కదలకూడదు. వెనక సీట్లో, బాబు ముఖం కారు వెనక్కి ఉండేలా. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఒడిలో పెట్టుకుని ముందు కూర్చోవడం మనకి అలవాటు, సడెన్ బ్రేకు పడితే ఆ చేతులు బిడ్డని ఆపలేవు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఆ కార్ సీటుని స్ట్రోలర్ చక్రాల మీద తగిలించే ఏర్పాటు ఉంటుంది కదా, బాబు నిద్రలేవకుండా అలాగే లిఫ్ట్‌లోకి, అలాగే హాల్లోకి, అలాగే మాల్‌లోకి. కార్ సీటు కారు కోసం. అందులో బాబు సగం కూర్చున్నట్టే ఉంటాడు, కారు దిగగానే తీసి పడుకోబెట్టండి, నిద్ర చెడినా సరే. గుంటూరు నుంచి హైదరాబాద్ అంటే ఐదారు గంటలు పడుతుంది, రెండు గంటలకి మించి ఒకే దమ్మున సీట్లో ఉంచకుండా ఆపి బయటికి తీయండి, పాలివ్వండి. మీరో మీ అమ్మగారో వెనకే పక్కన కూర్చుని ఆ గడ్డం మీద ఓ కన్నేసి ఉంచండి. గడ్డానికీ ఛాతీకీ మధ్య మీ వేలు దూరేంత ఖాళీ ఉండాలి.

మీ అమ్మగారి మాట కూడా కొట్టిపారేయను. కుదుపులకి మెదడు కదలడం అన్నది కోపంతో బిడ్డని పట్టుకుని గట్టిగా ఊపేసినప్పుడు జరిగే గాయం, మామూలు నడకలో స్పీడ్ బ్రేకర్ దాటితే అలా కాదు. కానీ మన ఫుట్‌పాత్‌ల మీద చిన్న గట్టి ప్లాస్టిక్ చక్రాల బండి తోస్తే బాబుకంటే ముందు మీకే చిరాకొస్తుంది. పెద్ద చక్రాలుంటే నయం. అపార్ట్‌మెంట్ ఆవరణలో, పార్కులో అయితే ఏదైనా పర్లేదు. ట్రాఫిక్ ఉన్న రోడ్డు మీద మాత్రం ప్రామ్ సరిగ్గా కార్ల పొగగొట్టాల ఎత్తులో ఉంటుంది, అక్కడ ఎత్తుకుని వెళ్లడమే మేలు. ఎండ తగలకుండా బండి మీద టవలు కప్పేయడం ఇంకో ప్రమాదం, లోపల గాలి ఆడక కాసేపట్లో వేడెక్కిపోతుంది, పైగా బిడ్డ మనకి కనపడడు. దోమతెర పర్లేదు, ముఖానికి తగలకుండా బిగువుగా ఉంటే చాలు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిది దాటాక అసలు బయటికే తీసుకురాకండి. హ్యాండిల్‌కి బ్యాగులు, కూరగాయల సంచీ తగిలించొద్దు, బండి వెనక్కి తిరగబడుతుంది. ఎస్కలేటర్ మీదకి బండి ఎక్కించొద్దు, లిఫ్ట్ వెతుక్కోండి.

ఇంకోటి, మీకు ఆపరేషన్ అయింది. ఆరు వారాల దాకా బాబుకంటే బరువైనది ఎత్తకూడదు, పది పన్నెండు కిలోల ప్రామ్‌ని మీరు కారు డిక్కీలోకి ఎత్తే పనైతే అది ఎంత మంచిదైనా ఇప్పుడు మీకు కాదు. షాపుకి వెళ్లినప్పుడు మడిచి మీ ఆయన చేత ఎత్తించండి, తోసేటప్పుడు మీరు వంగాల్సి వస్తోందా లేదా మీరే తోసి చూసుకోండి.

అసలు ఇప్పుడే కొనాలా అంటే, నా ఓటు వద్దనే. ఎలాగూ మూడో నెల దాకా మీ అమ్మగారు గడప దాటనివ్వరు! హైదరాబాద్ వెళ్లాక మీ లిఫ్ట్ తలుపు వెడల్పు కొలిచి, మీరు రోజూ ఎక్కడ నడుస్తారో చూసుకుని అప్పుడు తీసుకోండి. మా అబ్బాయి పుట్టినప్పుడు నేనూ ముచ్చటపడి ఖరీదైన ప్రామ్ కొన్నాను, వాడు అందులో పడుకోగానే కేకలు పెట్టేవాడు, చివరికి వాడికంటే రైతుబజార్ కూరగాయలే అందులో ఎక్కువ తిరిగాయి.

ముందు రేపు పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్లండి. డైరెక్ట్ బిలిరుబిన్ 1 mg/dL దాటి ఉంటే నాకు రాస్తూ కూర్చోకుండా రిపోర్టు పట్టుకుని అదే రోజు మీ పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి, పోతూపోతూ బాబు మలం ఏ రంగులో ఉందో ఫోన్లో ఒక ఫొటో తీసుకుని.