బాపు రాకుండా ఆర్డర్ తెచ్చుకోవచ్చు, చిట్టి సంతకం మాత్రం ఎక్కడికీ పోదు

ప్రశ్న: హన్మకొండలో ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. 31 ఏళ్లు, పెళ్లి కాలేదు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. బాపు నర్సంపేట వైపు ఊళ్లో ఉంటాడు, రెండెకరాల చెల్క కౌలుకిచ్చాడు. చిన్నప్పుడు మమ్మల్ని బాగా కొట్టేవాడు. ఇప్పుడు జీతం పడగానే ఆసుపత్రి గేటు దగ్గరికొచ్చి పైసల కోసం లొల్లి చేస్తున్నాడు. నన్ను కలవకుండా, ఫోన్ చేయకుండా చట్టప్రకారం ఆపించాలి. బాండ్ పేపర్ మీద 'సంబంధం లేదు' అని రాసుకుంటే చాలని పెద్దమనుషులు అంటున్నారు. ఆయన ఎత్తుకున్న 5 లక్షల చిట్టికి నేను ష్యూరిటీ. నెలకు 12,500 చొప్పున ఇంకా 14 కిస్తులున్నాయి. పైసల పరంగా ఏం చూసుకోవాలి?

జవాబు: బాండ్ పేపర్‌కు పెట్టే పైసలు కూడా దండగే. పేపర్లో ప్రకటన వేయించినా, పెద్దమనుషుల ముందు రాసుకున్నా తండ్రీబిడ్డల మధ్య చట్టం పెట్టిన బాధ్యతలు తెగవు. మీకు పనికొచ్చేది 2005 గృహహింస చట్టం. అది భర్తల మీద వేసేదే అనుకుంటారు గానీ, ఒకే ఇంట్లో కలిసి బతికిన తండ్రి మీద కూతురు కూడా వేయవచ్చు. మీరు పనిచేసే చోటికి రావద్దని, ఫోన్లు, మెసేజ్‌లు చేయవద్దని మేజిస్ట్రేట్ రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు. దాన్ని దాటితే ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా, లేదంటే రెండూ. లాయర్ ఫీజు గురించి దిగులు వద్దు. ఆడవాళ్లకు జీతం ఎంతని చూడకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం కోసం 181కు ఫోన్ చేయండి. కేసు నడిపే సంగతి వాళ్లు చూస్తారు, నేను లెక్కల మనిషిని.

నా భయమంతా చిట్టి మీదే. 14 కిస్తులంటే 1,75,000. ష్యూరిటీ సంతకం పెట్టారంటే ఆయనతో పాటు మీరూ బాకీదారే. ముందు ఆయన్ని అడిగి, ఆ తర్వాతే మీ దగ్గరికి రావాలన్న రూలేమీ లేదు. కిస్తులు ఆగితే కంపెనీ చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర కేసు వేసి, అవార్డు (బాకీ కట్టాలన్న తీర్పు) తెచ్చుకుని మీ జీతం మీదికి రాగలదు. కోర్టు ఆర్డర్ చూపించి 'మాకు మాటల్లేవు' అంటే మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ ఇస్తారు, బాకీ మాత్రం వదలరు. ఈ వారమే బ్రాంచికి వెళ్లి ఎన్ని కిస్తులు కట్టాడో స్టేట్‌మెంట్ అడగండి. మీ బదులు ఇంకో ష్యూరిటీని తీసుకుంటారేమో కనుక్కోండి, అది వాళ్ల ఇష్టం. ఒప్పుకోకపోతే 1,75,000 విడిగా ఎఫ్‌డీ వేసి, అది మీ పొదుపు కాదనుకోండి. మీరు కట్టాల్సి వస్తే ప్రతి రసీదూ దాచండి. ఆ సొమ్ము ఆయన దగ్గర వసూలు చేసుకునే హక్కు మీకుంటుంది.

రక్షణ ఉత్తర్వు వచ్చినంత మాత్రాన పోషణ బాధ్యత కూడా పోదు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద తల్లిదండ్రులు 60 నిండకున్నా ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఆ చట్టంలో గరిష్ఠం నెలకు 10 వేలు. అయితే సొంత సంపాదనతో, ఆస్తితో బతకలేనప్పుడే అది వర్తిస్తుంది. అందుకే ఆ కౌలు వివరాలు మీ దగ్గర ఉండాలి. గేటు దగ్గర లొల్లికి జడిసి నోట్లు చేతిలో పెట్టకండి, రేపు ఇచ్చినట్టు రుజువుండదు. ఇవ్వాలనిపిస్తే బ్యాంకు ద్వారానే పంపండి.

మీకు షాక్ కొట్టేది ఇంకొకటుంది. హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబంలో పెళ్లికాని ఆడపిల్ల వీలునామా రాయకుండా పోతే, ఆమె సంపాదించుకున్నది అమ్మకూ నాన్నకూ సమానంగా వెళ్తుంది. మీ బాపుకు సగం! వీలునామా రాయండి. తెల్లకాగితం చాలు, సాక్షులు ఇద్దరు కావాలి. మీరు అమ్మకు రాస్తుంటే ఆమెను సాక్షిగా పెట్టొద్దు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, మీ విషయంలో మాత్రం చేయించమనే చెప్తాను. ఏదైనా ఎల్‌ఐసీ పాలసీలో నామినీగా బాపు పేరుందా? బీమా చట్టానికి 2015లో వచ్చిన సవరణ తర్వాత తల్లిదండ్రులు నామినీలైతే ఆ సొమ్ముకు వాళ్లే హక్కుదారులు. ఆ పేరు మార్చండి, పీఎఫ్ నామినేషన్ కూడా చూసుకోండి.

ఇక ఆ చెల్క. తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో అందులో మీకూ వాటా ఉంది, మాటలు మానేసినంత మాత్రాన అది పోదు. పెద్దమనుషులు రాయించే కాగితాల్లో 'ఆస్తి మీద నాకు ఎలాంటి హక్కు లేదు' అనే ముక్క ఒకటి తరచూ దూరుతుంటుంది. అలాంటిదాని మీద సంతకం పెట్టకండి.