అక్కకు పడని మందు నాకూ పడదా?

ప్రశ్న: మూర్ఛకు కార్బమజెపిన్ మొదలుపెట్టిన రెండో వారంలో మా అక్కకు జ్వరం వచ్చి, నోరంతా పూసి, చర్మం పొక్కులు తేలి ఊడిపోయింది. ఎలాగో కోలుకుంది. ఇప్పుడు నా ముఖంలో నరం పోటుకు డాక్టరు అదే మందు రాశారు. మోతాదు తగ్గించి వాడవచ్చా?

జవాబు: అక్కగారికి జరిగింది డాక్టరుకు చెప్పనిదే ఒక్క మాత్ర కూడా వేసుకోకండి. మీరు రాసిన లక్షణాలు ప్రాణాపాయం కలిగించగల స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్‌ను పోలి ఉన్నాయి. దీన్ని మామూలు దద్దురుగా కొట్టిపారేయడానికి వీల్లేదు.

మోతాదు తగ్గించినంత మాత్రాన ఈ ముప్పు తొలగిపోదు. కొడీన్ వంటి నొప్పి మందుల సంగతి వేరు: కాలేయంలోని సివైపి2డి6 అనే ఎంజైము కొడీన్‌ను మార్ఫిన్‌గా మారుస్తుంది కనుక, ఆ జన్యువు ప్రతులు ఎక్కువగా ఉన్నవారికి మామూలు మోతాదే ఊపిరి మందగించేంత మార్ఫిన్‌ను తయారు చేయవచ్చు. అక్కడ చిక్కు పరిమాణానిది. కార్బమజెపిన్ విషయంలో చిక్కు గుర్తుపట్టడంలో ఉంది. మన కణాల మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ ప్రోటీన్లలో బి-15:02 అనే రకానికి ఈ మందు అతుక్కున్నప్పుడు, రోగనిరోధక కణాలు దాన్ని పరాయిదిగా భావించి సొంత చర్మం మీదే దాడికి దిగుతాయి. 2004లో తైవాన్ పరిశోధకులు, ఈ మందు వల్ల స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ వచ్చిన 44 మందిని పరీక్షిస్తే అందరిలోనూ ఇదే రకం కనిపించింది. ఆగ్నేయాసియా మూలాలున్నవారిలో ఇది ఎక్కువ, యూరప్ మూలాలున్నవారిలో చాలా అరుదు.

అక్కగారిలో ఈ రకం జన్యువు ఒక ప్రతి ఉంటే, తోబుట్టువుగా మీకూ ఉండే అవకాశం సుమారు సగానికి సగం. ఉన్నంత మాత్రాన ప్రతిచర్య వచ్చి తీరుతుందని కాదు, ఈ రకం ఉన్నవారిలో ఎక్కువమందికి ఏమీ కాదు. కానీ వేరే మందులు దొరుకుతున్నప్పుడు ఆ పందెం కాయడం అవివేకమని నా అభిప్రాయం. రక్త పరీక్షలో ఇది లేదని తేలినా పూర్తి భరోసా లేదు, ఎందుకంటే ఏ-31:01 వంటి ఇతర రకాలూ ఇటువంటి ప్రతిచర్యలకు కారణమవుతాయి.

వెళ్లేటప్పుడు అక్కగారి ఆసుపత్రి కాగితాలు తీసుకువెళ్లండి. అందులో కేవలం “మందు పడలేదు” అని రాసి ఉంటే, ఏ మందో, ఎన్నో రోజున మొదలైందో మీరే చెప్పండి. ఆక్స్‌కార్బజెపిన్, ఫెనిటాయిన్ అనే మూర్ఛ మందులకూ బి-15:02తో ముప్పు ఉంది కనుక, ప్రత్యామ్నాయం ఎంచుకునేటప్పుడు డాక్టరుకు ఆ వివరమే కావాలి.