ఓర్పు మంచిదైతే ఓర్వలేనితనం అసూయ ఎలా అయింది?

సందేహం: సంగీతం నేర్చుకుంటూ మధ్యలో మానేశాను. ఆ సంగతి రాస్తూ "నాకు ఓర్వలేనితనం ఎక్కువ" అన్నాను. చదివినవాళ్లు నవ్వారు. ఓర్పు లేకపోవడమే కదా ఓర్వలేనితనం? అది అసూయ ఎలా అయింది? ఓర్పు, ఓపిక, సహనం ఒకటేనా?

సమాధానం: వ్యాకరణం మీ పక్షాన ఉంది, వాడుక నవ్వినవాళ్ల పక్షాన ఉంది. ఇలాంటి తగాదాల్లో ఎప్పుడూ వాడుకదే గెలుపు.

నేర్చు నుంచి నేర్పు వచ్చినట్టే ఓర్చు నుంచి ఓర్పు వచ్చింది. నేర్వక, నేర్వని అన్నట్టే ఓర్వక, ఓర్వని. కాబట్టి ఓర్వలేకపోవడమంటే భరించలేకపోవడం, అంతే. దేన్ని అన్నది ఆ మాటలో లేదు. ఎండ కావచ్చు, నొప్పి కావచ్చు, ఎవరో అన్న మాట కావచ్చు. "చలికి ఓర్వలేక" అంటే ఇప్పటికీ ఎవరూ నవ్వరు. క్రియగా ఉన్నంతసేపూ దానికి ఆ స్వేచ్ఛ ఉంది. 'తనం' చేర్చి మనిషి గుణంగా మార్చామా, ఇక దేన్ని అని ఎవరూ అడగరు. పక్కవాడి మేలునే అని అందరికీ తెలిసిపోతుంది!

ఇది తెలుగువాళ్లకే తోచిన చమత్కారం కాదు. సంస్కృత నిఘంటువు అమరకోశం ఈర్ష్యకు చెప్పిన మరో పేరు 'అక్షాంతి'. క్షాంతి అంటే ఓర్పు, అది లేకపోతే అక్షాంతి. మన ఓర్వలేనితనం లాంటిదే. ఆ వెంటనే అసూయను విడదీసి చెబుతుంది: "అసూయా తు దోషారోపో గుణేష్వపి". గుణాలకు సైతం దోషాలు అంటగట్టడం అసూయ అని. తోటివాడు బాగా పాడుతుంటే లోపల కలుక్కుమనడం ఈర్ష్య. "గొంతు బాగానే ఉంది గానీ, తాళం తప్పుతున్నాడు" అని, తప్పని తాళాన్ని మనమే తప్పిస్తే అసూయ. కచ్చితంగా మాట్లాడితే ఓర్వలేనితనం ఈర్ష్యకు తెలుగు, అసూయకు కాదు. వాడుకలో రెండూ ఎప్పుడో కలిసిపోయాయి కాబట్టి నేను పట్టుబట్టను.

ఇక ఓపిక. ఇది 'ఓపు' నుంచి వచ్చింది. ఓపడమంటే చేతనవడం, శక్తి కలిగి ఉండడం. "జ్వరం తగ్గింది గానీ లేచి నడిచే ఓపిక లేదు" అన్న వాక్యంలో ఓపిక తీసి ఓర్పు పెట్టి చూడండి, అతకదు. చిక్కుపడ్డ దారం విప్పడానికి కావలసింది ఓపిక. విప్పుతున్నంతసేపూ పక్కన నిలబడి "అటు కాదు, ఇటు లాగు" అనేవాణ్ని ఏమీ అనకుండా ఉండడానికి కావలసింది ఓర్పు.

సహనం సంస్కృతం. మనకు సహించడమంటే పడి ఉండడమే గుర్తొస్తుంది గానీ, వేదభాషలో 'సహ్' ధాతువుకు ఎదిరించి గెలవడమనే అర్థం ఉంది. సహస్ అంటే బలం, సాహసం దాన్నుంచి పుట్టిందే. సహనం, సాహసం ఒకే ఇంటివన్నమాట. దీని వ్యతిరేకం అసహనం మాత్రం తెలుగులో చిరాకు దగ్గరే ఆగింది. ఎదురుచూస్తున్న బస్సు రాకపోతే అసహనం, ఎదురింటివాళ్లు కారు కొంటే ఓర్వలేనితనం.

మీరు అడగలేదు గానీ, తాలిమి అని మరో మంచి మాట ఉంది. "కాస్త తాళు" అంటే ఆగమని. తొందరపడకుండా ఆగగలగడం తాలిమి. ఈమధ్య పద్యాల్లో తప్ప కనిపించడం లేదు.

మీ వాక్యం సంగతి. రోజూ కూర్చుని సాధన చేయలేక సంగీతం మానేసి ఉంటే "నాకు ఓపిక తక్కువ" అని దిద్దుకోండి. మీకన్నా వెనక చేరినవాళ్లు ముందుగా కచేరీలు చేస్తుంటే చూడలేక మానేసి ఉంటే, రాసింది రాసినట్టే ఉంచండి.