చుక్క కనబడని లీకేజీ

చిరంజీవి మేనల్లుడికి,
మామయ్య ఆశీస్సులు.

వేడినీళ్లతో ఇంటిని వెచ్చబరిచే మీ హీటింగ్ సిస్టమ్‌లో ప్రెజర్ పడిపోతోందని, ఎక్కడా తడి మాత్రం కనబడటం లేదని రాశావు. గోడలు పగలగొట్టే ఆలోచన ఇప్పుడే వద్దు. ముందు లీకేజీ ఉందో లేదో బాయిలర్ మీదున్న ప్రెజర్ గేజ్‌తో తేల్చుకో.

మామూలు రెండంతస్తుల ఇంట్లో బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు ప్రెజర్ 12 నుంచి 15 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అనే కొలత) ఉంటుంది. బాయిలర్ ఆపి, పూర్తిగా చల్లారాక, కొత్త నీళ్లు వచ్చే ఫిల్ వాల్వ్ మూసేసి రీడింగ్ రాసుకో. కొన్ని గంటలయ్యాక మళ్లీ చూడు. రెండు రీడింగులూ చల్లగా ఉన్నప్పటివే కావాలి, ఎందుకంటే వేడికి నీళ్లు వ్యాకోచించి గేజ్ ముల్లు పైకి వెళ్తుంది. గడ్డకట్టే చలి ఉన్న రోజున మాత్రం ఈ పరీక్ష పెట్టుకోకు, పైపులు పగలొచ్చు.

ఈ ఫిల్ వాల్వే అసలు సంగతి దాచేస్తుంది. పోయిన నీళ్లను అదే నింపేస్తుంటే నెలల తరబడి ఎవరికీ తెలియదు. పైగా కొత్త నీళ్లతో పాటు ఆక్సిజన్ లోపలికి వచ్చి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. గదులకు వేడినిచ్చే రేడియేటర్లలో మాటిమాటికీ గాలి చేరుతోందంటే ఇలా జరుగుతోందేమోనని అనుమానించు.

ముల్లు పడిపోతే, ఒక్కో జోన్‌కు, అంటే ఇంట్లో విడి పైపులతో వేడయ్యే ఒక్కో భాగానికి, వెళ్లే పైపు, తిరిగి వచ్చే పైపు రెండూ మూసి చూస్తూ పో. ఏది మూసినప్పుడు ముల్లు నిలబడుతుందో లీకేజీ ఆ జోన్‌లోనే. వేడి పైపు మీద చుక్క పడగానే ఆరిపోతుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడే వెతుకు. రాగి అతుకుల దగ్గర పచ్చటి పెచ్చు, వాల్వ్ కాడ కింద తుప్పు చార, తెల్లటి పొడి, ఇవే గుర్తులు. అనుమానం ఉన్న చోట టిష్యూ పేపర్ చుట్టి ఉంచి, తడుస్తుందేమో చూడు. నేల కింద పైపులైతే, హీటింగ్ నడుస్తున్నప్పుడు ఒక్క చోటే మరీ వేడిగా తగులుతుందేమో వట్టి కాళ్లతో నడిచి చూడు. థర్మల్ కెమెరా దొరికితే ఇంకా మంచిది.

ముల్లు కదలకపోతే పైపుల జోలికి పోకు, వేడెక్కినప్పుడు ఏం జరుగుతోందో చూడు. ఫిల్ వాల్వ్ మళ్లీ తెరిచి, ప్రెజర్ మరీ పెరిగితే నీళ్లను బయటికి వదిలే రిలీఫ్ వాల్వ్ గొట్టం కింద పొడి గిన్నె పెట్టి బాయిలర్ నడుపు. ఇంటి బాయిలర్లలో ఆ వాల్వ్ సాధారణంగా 30 పీఎస్ఐ దగ్గర తెరుచుకుంటుంది. గిన్నెలో నీళ్లు పడ్డాయంటే చాలాసార్లు తప్పు, వ్యాకోచించే నీళ్లకు చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ ట్యాంక్‌ది. లోపలి రబ్బరు పొర చిరిగితే వ్యాకోచించిన నీళ్లకు చోటుండదు, ప్రెజర్ పెరిగి బయటికి పోతాయి. చల్లారాక ప్రెజర్ పడిపోతుంది, ఫిల్ వాల్వ్ మళ్లీ నింపుతుంది. ట్యాంక్ గాలి వాల్వ్ పిన్ను ఒక్క క్షణం నొక్కు. నీళ్లు వస్తే ట్యాంక్ మార్చాల్సిందే.

ఇవన్నీ బాగున్నా నీళ్లు తగ్గుతుంటే బాయిలర్ లోపలే పగులు ఉండొచ్చు. దాన్ని నువ్వు విప్పకు, మెకానిక్‌ని పిలువు. లీకేజీ ఆపే మందు పోయమని ఎవరైనా చెబితే వినకు, అది సన్నటి దారులను పూడ్చేయొచ్చు. కారుతోంది కదా అని రిలీఫ్ వాల్వ్ గొట్టానికి బిరడా మాత్రం ఎన్నడూ బిగించకు, బాయిలర్ పేలకుండా కాపాడేది అదే.

రీడింగులు రాసి పంపు, చూసి చెబుతాను.

మామయ్య